స్లో కుక్కర్‌లో బీఫ్ పాట్ రోస్ట్: ఆరు గంటలకు రబ్బరు, ఎనిమిది గంటలకు పిప్పి. ఎందుకలా?

మీరు రాసింది కుదించి చెబితే సంగతి ఇదీ. మొదటిసారి కిలోన్నర బీఫ్ ముక్కను స్లో కుక్కర్‌లో పెట్టి, మునిగేదాకా నీళ్లు పోసి, ‘లో’ మీద ఆరు గంటలు ఉంచారు. (స్లో కుక్కర్ అంటే ప్రెషర్ కుక్కర్ కాదు, గంటల తరబడి సన్నటి వేడి మీద ఉడికించే కరెంటు గిన్నె.) తీస్తే రబ్బరు. ఎక్కువ ఉడికి గట్టిపడిందేమోనని మీ అనుమానం. రెండోసారి కొవ్వు లేని ముక్క ఏరి తెచ్చి ‘హై’ మీద ఎనిమిది గంటలు ఉడికించారు. ఈసారి ఫోర్కు పెడితే పోగులు పోగులుగా విడిపోయింది కానీ, నోట్లో వేసుకుంటే పిప్పి. ఇంతకీ ఆరుకీ ఎనిమిదికీ మధ్య ఎక్కడ ఆపాలి అన్నది మీ ప్రశ్న.

ఎక్కడా కాదు. మొదటి ముక్క ఎక్కువ ఉడకలేదండీ, అసలు ఉడకడమే పూర్తికాలేదు. ఇంకో రెండు మూడు గంటలు మూత తీయకుండా వదిలేసి ఉంటే మెత్తబడేది. రెండోదాని విషయంలో గంటలతో పనిలేదు, ఆ ముక్క ఈ వంటకి పనికొచ్చేది కాదు. ఒకటి తొందరపాటు, ఇంకోటి ఎంపికలో పొరపాటు. రెండుసార్లూ నమలలేకపోయారు కాబట్టి రెండూ ఒకే తప్పులా అనిపించాయి.

ముందు మాంసం లోపల ఏం జరుగుతుందో చెబుతాను. ఇది తెలిస్తే మిగతా సగం మీరే ఊహించేస్తారు. కండలో సన్నటి పోగులుంటాయి. వాటిని కట్టలు కట్టలుగా పట్టి ఉంచే తెల్లటి పొరలుంటాయి. ఆ పొరల్లో ఉండేది కొల్లాజెన్. వేడెక్కుతుంటే పోగులు ముందు బిగుసుకుంటాయి. 60 డిగ్రీల సెల్సియస్ దాటాక కొల్లాజెన్ కూడా ముడుచుకుని, పోగుల్లోని నీటిని తడిబట్ట పిండినట్టు పిండేస్తుంది. 70 డిగ్రీల దగ్గర భుజం ముక్కను కోసి తిని చూడండి, పచ్చిదానికంటే గట్టిగా, పొడిగా ఉంటుంది. చాలామంది ఇక్కడే బెంబేలెత్తి కుక్కర్ కట్టేస్తారు. కథ అసలు అక్కడినుంచే మొదలవుతుంది. ఆపైన వేడి అలాగే గంటల తరబడి నిలిస్తే, బిగుసుకున్న ఆ కొల్లాజెనే కరిగి జెలాటిన్‌గా మారుతుంది. 80 డిగ్రీలు దాటాక ఈ పని చురుగ్గా సాగుతుంది. పోగుల్లోంచి పోయిన నీరు పోయిందే, మళ్లీ రాదు. కానీ వాటి మధ్య జిగురుగా, జారుడుగా జెలాటిన్ నిండుతుంది. మనం ‘జ్యూసీగా ఉంది’ అనుకునేది ఈ జెలాటిన్నీ కరిగిన కొవ్వునీ చూసే, నీటిని చూసి కాదు.

అందుకే నీళ్లలో మునిగి ఉన్న మాంసం కూడా పొడిబారుతుంది. నేను ఎన్నిసార్లు చెప్పినా నమ్మనివాళ్లున్నారు. బయట ఎంత నీరున్నా లోపల పిండడం ఆగదు.

ఇప్పుడు మీ రెండో ముక్క సంగతి. కొవ్వు లేని ముక్కలో, అంటే వెనక తొడ నుంచి వచ్చే రౌండ్‌లో, కరిగి జెలాటిన్ అయ్యే సరుకు తక్కువ, కండల మధ్య కొవ్వూ తక్కువే. నీరంతా పోయాక ఆ చోటు నింపడానికేమీ లేదు. మిగిలేది పిప్పే. పాట్ రోస్ట్‌కి కావలసింది భుజం ముక్క. చక్ అని అడగండి. కోసిన వైపు చూస్తే ఎర్రటి కండలో తెల్లటి గీతలు అడ్డదిడ్డంగా పరుచుకుని ఉండాలి, మధ్యలో ఒకటి రెండు మందపాటి పొరలు కనిపించాలి. చూడ్డానికి అందంగా ఉండదు. అంతా ఒకే రంగులో నున్నగా ఉన్న ముక్కను చూసి మోజుపడకండి. ఛాతీ భాగం, అంటే బ్రిస్కెట్, కూడా బాగుంటుంది. దాని రుచి ఇంకాస్త గాఢం, కానీ చక్ కంటే ఎక్కువసేపు పడుతుంది, కోసేటప్పుడు పోగుల దిక్కు చూసుకోవాలి. ఎముక లేకుండా పక్కటెముకల మాంసం దొరికితే అదీ మంచిదే. ఖరీదైన మెత్తటి ముక్కల్ని మాత్రం దీనిలో వేసి పాడుచేయకండి. అవి పెనం మీద నిమిషాల్లో అయ్యే రకం.

పేరులో రోస్ట్ ఉంది గానీ ఇందులో కాల్చడమేమీ లేదు. కొద్ది ద్రవంలో, మూతపెట్టి, సన్నసెగన మగ్గబెట్టడం. ‘మగ్గడం’ అన్న మాట గుర్తుపెట్టుకుంటే నీళ్లు ఎంత పోయాలో కూడా తెలుస్తుంది. స్లో కుక్కర్ మూతకు తగిలిన ఆవిరి చుక్కలై మళ్లీ కిందికే పడుతుంది, బయటికి పోయేది బహు తక్కువ. మాంసం కూడా తన నీరు తాను వదులుతుంది. కిలోన్నర ముక్కకి ఒక కప్పు, అంటే దాదాపు 240 మిల్లీలీటర్ల స్టాక్ (ఎముకలో కూరగాయలో ఉడికించి వడగట్టిన నీళ్లు) సరిపోతుంది. వంట అయ్యేసరికి అది రెండింతలై కనిపిస్తుంది చూడండి. మీరు మునిగేదాకా పోయడంవల్ల రెండు నష్టాలు జరిగాయి. రుచి పలచబడింది. దానికంటే ముఖ్యం, అంత చల్లటి నీరు వేడెక్కడానికే మీ ఆరు గంటల్లో సగం ఖర్చయింది.

కుక్కర్ గురించి కూడా ఒక మాట. ‘లో’ అంటే తక్కువ వేడి, ‘హై’ అంటే ఎక్కువ వేడి అనుకుంటాం. చాలా మోడళ్లలో రెండూ చివరికి చేరేది ఇంచుమించు ఒకే చోటికి, మరుగుకి కాస్త కిందికి. తేడా అంతా అక్కడికి ఎంతసేపట్లో చేరుతుందన్నదే. ‘హై’ మూడు నాలుగు గంటల్లో చేరితే, ‘లో’ ఏడెనిమిది గంటలు తీసుకుంటుంది. కాబట్టి ‘లో’ మీద ఆరు గంటలంటే మీ ముక్క ఇందాక చెప్పిన ఆ గట్టి దశలోనే ఎక్కడో ఉందన్నమాట. అన్ని కుక్కర్లూ ఒక్కలా ఉండవు కూడా. మీదెలాంటిదో తెలుసుకోవాలంటే ఒక రోజు సగం పైగా నీళ్లు పోసి, మూతపెట్టి, ‘లో’ మీద ఎనిమిది గంటలు ఉంచి, మూత తీసిన వెంటనే థర్మామీటర్ పెట్టి చూడండి. 85 డిగ్రీలైనా ఉండాలి. అంతకంటే బాగా తక్కువుంటే ఆ కుక్కర్‌ని మాంసానికి నమ్ముకోవద్దు. బాగా ఎక్కువుంటే మీ కుక్కర్ దూకుడు రకం, గంటలు కాస్త తగ్గించుకోండి.

ఈ పరికరం అసలు మాంసం కోసం పుట్టలేదన్నది చాలామందికి తెలియదు. ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికన్ దీనికి 1940లో పేటెంట్ పొందాడు. ‘నాక్సన్ బీనరీ’ అన్న పేరులోనే ఉంది, ప్రధానంగా చిక్కుళ్లు ఉడికించడానికి. 1970లో రైవల్ కంపెనీ అతని వ్యాపారాన్ని కొని, మరుసటేడు దానికి మెరుగులు దిద్ది క్రాక్-పాట్ పేరుతో అమ్మింది. అప్పుడు గానీ ఇళ్లలోకి రాలేదు.

సరే, వంటకి వద్దాం. ముందురోజు రాత్రే ముక్కకి ఉప్పు పట్టించండి. కిలోకి 10 గ్రాముల లెక్కన, కిలోన్నరకి 15 గ్రాములు. పొడి ఉప్పయితే సుమారు రెండున్నర టీస్పూన్లు. స్టాక్‌లోనే ఉప్పు ఉంటే ఇక్కడ కొంత తగ్గించండి, ఎందుకంటే చివర్లో గ్రేవీ చిక్కబడేకొద్దీ ఉప్పు పైకి తేలుతుంది. మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో పెడితే ఉప్పు లోపలికి దిగుతుంది, పైన తడి ఆరుతుంది. ఆ ఆరిన పైపొర మనకి ఇప్పుడు పనికొస్తుంది.

ఎందుకంటే తర్వాతి మెట్టు పెనం మీద ఎర్రగా వేయించడం. ‘ఇది వదిలేయొచ్చా’ అని ప్రతివాళ్లూ అడుగుతారు. మెత్తదనం కోసమైతే నిక్షేపంలా వదిలేయొచ్చు, దానికీ దీనికీ సంబంధమే లేదు. పైన కాలిస్తే రసాలు లోపలే బందీ అవుతాయన్నది 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యుస్టస్ ఫాన్ లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన ఆలోచన. అది తప్పని తేలిపోయినా ఇంకా చలామణిలో ఉంది. నేను ప్రతిసారీ వేయించేది రుచి కోసం. ఆ ఎర్రటి పొర, ఆ కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీలకి పైన వేడి కావాలి. తడిగా ఉన్న చోట 100 డిగ్రీలు దాటదు. అంటే స్లో కుక్కర్‌లో ఎన్ని గంటలున్నా ఆ రుచి పుట్టే ప్రసక్తే లేదు, బయటినుంచి తెచ్చి వేయాల్సిందే. పెనం పొగలు కక్కేముందు దాకా కాగనిచ్చి, నూనె వేసి, కాగితంతో తుడిచిన ముక్కను పెట్టి, నాలుగైదు నిమిషాలు కదిలించకండి. ఊరికే తిప్పుతూ ఉంటే తెల్లగా ఉడుకుతుందే తప్ప ఎర్రబడదు. అన్ని వైపులా కానవసరంలేదు, రెండు పెద్ద వైపులు ముదురు గోధుమ రంగుకి వస్తే చాలు.

ముక్క తీశాక ఆ పెనాన్ని కడిగేయకండి, అసలు సారమంతా దాని అడుగునే ఉంది! సెగ తగ్గించి, రెండు పెద్ద ఉల్లిపాయలు మందపాటి చీలికలుగా కోసి అందులోనే మగ్గనివ్వండి. రంగు మారుతుండగా చితక్కొట్టిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు టేబుల్‌స్పూన్ల టొమాటో పేస్టు వేసి, పేస్టు ఇటుకరంగుకి తిరిగేదాకా వేయించండి. తర్వాత స్టాక్ పోసి, చెక్క గరిటెతో అడుగున అంటుకున్నదంతా గీకండి. ఒక టేబుల్‌స్పూన్ సోయా సాస్ కూడా వేస్తాను నేను. తిన్నవాళ్లెవరూ సోయా ఉందని పట్టుకోలేరు, మాంసం రుచి మాత్రం ఒక మెట్టు ఎక్కుతుంది. రెడ్ వైన్ వాడాలనుకుంటే స్టాక్‌లో సగం తగ్గించి ఆ మేరకు వైన్ పోయండి, కానీ పోసేది ఈ పెనంలోనే, సగానికి మరగనిచ్చాకే కుక్కర్‌లోకి. నేరుగా కుక్కర్‌లో పోస్తే మూత కింద ఆ ఘాటు పోయే దారి లేక చివరిదాకా అలాగే ఉండిపోతుంది.

కుక్కర్‌లో కూరగాయలు అడుగున, మాంసం పైన. దుంపలు మాంసంకంటే ముందే ఉడికిపోతాయనుకుని చివర్లో వేస్తారు చాలామంది. స్లో కుక్కర్‌లో తంతు తలకిందులు. క్యారెట్‌నీ బంగాళాదుంపనీ గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ కరగడానికి 85 డిగ్రీల దరిదాపుల వేడి కావాలి, ఈ కుక్కర్ అక్కడికి చేరేదే ఆలస్యంగా. పైగా టొమాటో, వైన్ లాంటి పులుపు తగిలితే ఆ పెక్టిన్ ఇంకా మొండికేస్తుంది. అందుకే వేడి గిన్నె గోడలకీ అడుక్కీ ఆనేలా సర్దండి. ముక్కలు పెద్దవిగా కోయండి, క్యారెట్ రెండంగుళాలు, బంగాళాదుంప సగానికి. పిండి పిండిగా చితికిపోయే రకం దుంప కాకుండా ఉడికినా ఆకారం నిలిచే రకం ఎంచుకోండి. బఠానీలయితే దించేముందు ఇరవై నిమిషాలు చాలు. రెండు బే ఆకులు, కొంచెం థైమ్, దంచిన మిరియాలు. గిన్నె సగం నుంచి మూడు వంతుల దాకా నిండాలి. మరీ ఖాళీగా ఉంటే అంచులు మాడతాయి, అంచుదాకా నింపితే వేడెక్కదు.

ముక్క మరీ మందంగా ఉంటే రెండుగా కోసి పెట్టడానికి సందేహించకండి. నేనెప్పుడూ అలాగే చేస్తాను. వేయించడానికి వైపులు ఎక్కువ దొరుకుతాయి, మధ్యకి వేడి త్వరగా చేరుతుంది.

కిలోన్నర చక్‌కి ‘లో’ మీద ఎనిమిది నుంచి పది గంటలు, ‘హై’ మీద ఐదు నుంచి ఆరు. ఇవి దారి చూపే అంకెలు మాత్రమే, తీర్పు చెప్పేది ఫోర్కు. గుచ్చి కొద్దిగా మెలితిప్పండి. గుచ్చినచోట ముక్క లేచి వస్తే ఇంకా కాలేదు. ఏ ప్రతిఘటనా లేకుండా తిరిగితే అయిపోయింది. థర్మామీటర్ ఉంటే లోపల 93 నుంచి 96 డిగ్రీలు చూపించాలి, దాని ములుకు వెన్నలోకి దిగినట్టు దిగాలి. ‘లో’ మీద పెడితే ఏడో గంటకి ముందు మాత్రం మూత జోలికి వెళ్లకండి. ఒక్కసారి ఎత్తితే పోయిన వేడి తిరిగి రావడానికి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. గంటకోసారి తొంగిచూసే అలవాటుంటే మీ ఎనిమిది గంటల వంట పది గంటలు పట్టడంలో వింతేమీ లేదు.

మీకు జరిగినట్టే నాకూ జరిగింది. వంటలో అప్పటికే చెయ్యి తిరిగిందనుకుంటున్న రోజులు. భోజనానికి పిలిచినవాళ్లు గంట ముందే వచ్చి కూర్చున్నారు. ‘ఏడు గంటలైంది కదా, చాల్లే’ అని తీసి, సన్నగా కోసి వడ్డించాను. మర్యాదస్తులు, ఎవరూ ఏమీ అనలేదు. దవడలు ఆడిస్తూ కబుర్లు తగ్గించారు, అంతే. మిగిలిన పెద్ద ముక్కను మర్నాడు పొయ్యి మీద అదే గ్రేవీలో మరిగించి, సెగ తగ్గించి మూతపెట్టి రెండు గంటలు వదిలేస్తే చెంచాతో తెగింది. అదే మాంసం, అదే గిన్నె. అప్పట్నుంచి వడ్డించే వేళకి రెండు గంటలు ముందే అయ్యేలా పెట్టుకుంటున్నాను. ముందే అయిపోతే ‘వార్మ్’ మీద ఉంచితే దానికేమీ కాదు. ఆలస్యమైతేనే తొందరపెట్టడానికి మన దగ్గర మీటేమీ లేదు.

అయ్యాక వెంటనే కోయకండి. కుక్కర్ కట్టేసి, ఆ రసంలోనే ఇరవై నిమిషాలు ఉండనిచ్చి, తర్వాత పళ్లెంలోకి తీసి, పోగులు ఏ దిక్కుకి పరుచుకున్నాయో చూసి దానికి అడ్డంగా కోయండి. చక్‌లో మూడు నాలుగు కండలు కలిసి ఉంటాయి, ఒక్కోదాని దిక్కు ఒక్కోలా ఉంటుంది. వాటిని ముందు చేత్తోనే విడదీసి, తర్వాత కోస్తే సులువు. పూర్తిగా మెత్తబడ్డ ముక్క చాకుకి లొంగదు, చెదురుతుంది. పలచటి బిళ్లలే కావాలంటే ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగా ఉండగా కోసి, గ్రేవీలో మళ్లీ వేడిచేయండి.

గ్రేవీ కుక్కర్‌లో ఉన్నది ఉన్నట్టు పోసుకుంటే నీళ్లగా ఉంటుంది. వడగట్టి, పైన తేలిన కొవ్వు తీసి, చిన్న గిన్నెలో పొయ్యి మీద పెట్టి మూడో వంతు తగ్గేదాకా మరిగించండి. ఇంకా చిక్కగా కావాలంటే ఒక కప్పుకి ఒక టేబుల్‌స్పూన్ కార్న్‌ఫ్లోర్ అంతే చన్నీళ్లలో కలిపి పోసి, ఒక పొంగు రానివ్వండి. చివర్లో ఒక చెంచా వెనిగర్ వేసి రుచి చూడండి. ఇన్ని గంటలు మగ్గిన దేనికైనా రుచి గాఢంగానే ఉంటుంది కానీ మందకొడిగా ఉంటుంది. ఆ కాస్త పులుపు, చేతితో తుంచి వేసిన పచ్చి ఆకు దాన్ని లేపి కూర్చోబెడతాయి.

ఆ రెండో ప్రయత్నంలోని పిప్పి ఇంకా ఫ్రిజ్‌లో ఉంటే పారేయకండి. దాన్ని ఇంకా ఎంత ఉడికించినా ఆ పొడితనం పోదు కానీ, సన్నగా చీల్చి, చిక్కటి గ్రేవీలో కొద్దిగా వెన్న వేసి కలిపితే బ్రెడ్‌లోకి బాగుంటుంది.

జాగ్రత్తల విషయంలో మాత్రం నేను ఛాదస్తుణ్ణే. గడ్డకట్టిన మాంసాన్ని నేరుగా స్లో కుక్కర్‌లో పెట్టకూడదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి, గడ్డకట్టిన ముక్క ఆ మధ్యలో గంటలకొద్దీ ఉండిపోతుంది. ముందు ఫ్రిజ్‌లోనే పూర్తిగా కరగనివ్వండి, కిలోన్నరకి ఒక రోజు పైనే పడుతుంది. పింగాణీ గిన్నెలో అన్నీ సర్ది రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే తీసి ఆన్ చేసే పద్ధతి కూడా నాకు నచ్చదు. చల్లటి గిన్నె వేడెక్కడానికి ఆలస్యం, కొన్నిసార్లు పగులుతుంది కూడా. మాంసం ఒకదాంట్లో, తరిగినవి ఇంకోదాంట్లో విడిగా పెట్టుకోండి.

మిగిలినదాన్ని రెండు గంటల్లోపు లోతు తక్కువున్న డబ్బాల్లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజులు నిక్షేపంగా ఉంటుంది. మర్నాడు తీసి చూస్తే పైన కొవ్వు తెల్లటి తెట్టులా పేరుకుని ఉంటుంది, చెంచాతో ఎత్తితే పలకలా వచ్చేస్తుంది. దాని కింద గ్రేవీ జెల్లీలా తొణుకుతుంటే కొల్లాజెన్ కరిగిందన్నమాట, ఈసారి ముక్క సరైనదే తెచ్చారు. వేడి చేసేటప్పుడు స్లో కుక్కర్‌లో కాకుండా పొయ్యి మీదే, గ్రేవీతో కలిపి, లోపల 74 డిగ్రీలు దాటేదాకా చేయండి.